రెండు జొన్న రొట్టెలు

సంగారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు. మా మేనమామ కొడుకు పెళ్లి. భోజనాల దగ్గర పెద్దమ్మ కూతురు నన్ను చూసి ఆగిపోయింది.

"ఏం జేసినవ్ తమ్మీ? సగమైనవ్ గదరా!"

ఏమాత్రం తడబడకుండా చెప్పాను: "పొద్దుగాల నడుస్తున్న అక్కా. రాత్రికి రెండు జొన్న రొట్టెలు, అంతే."

అప్పటికి నాకు ఆపరేషన్ అయి తొమ్మిది నెలలు. రెండు జొన్న రొట్టెలు పట్టేంత కడుపు నాకు లేదు.

ఆ అబద్ధం చాలా చిన్నదని అనుకున్నాను. నా ఒళ్లు నా సొంత విషయం, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆపరేషన్ సంగతి చెప్పాలి.

నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపులో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక సన్నటి గొట్టం. చర్మం కింది కొవ్వును పీల్చేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. ఈ తేడా అమ్మకి నచ్చజెప్పడానికి నెల పట్టింది. 2015 జూన్‌లో ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు ముందు లైపోసక్షన్ చేయించుకుందని వచ్చిన వార్తలు అమ్మ మర్చిపోలేదు. "ఆ పిల్ల పోలేదా?" అని ఒకటే మాట.

అమ్మ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు. 2019లో ఐఆర్‌డీఏఐ పెట్టిన షరతుల ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగరు లాంటి జబ్బు ఏదైనా తోడవ్వాలి. ఆ రెండో రకం వాళ్లు అంతకన్నా తేలికైన పద్ధతులు ప్రయత్నించి విఫలమై ఉండాలి కూడా. నా బరువు 116 కిలోలు, బీఎంఐ 38, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. అంటే నేను ఓడిపోయానని కాగితాల మీద చూపించాలి. జిమ్ రసీదులు, డైటీషియన్ రాసిచ్చిన చార్టులు, పదేళ్ల ఓటములన్నీ ఒక ఫైల్లో పెట్టాను. వాటిని సర్దుతుంటే సిగ్గేసింది. బరువుకి కాదు. ఇన్నిసార్లు మొదలుపెట్టి ఇన్నిసార్లు వదిలేసిన మనిషిని నేనే కదా అని.

తర్వాత రెండు వారాలు ద్రవాహారం. కాలేయం కాస్త కుంచించుకుంటేనే దాని కింద ఉన్న కడుపు సర్జన్‌కి సులువుగా అందుతుందట. రోజూ మూడు బంతుల పరికరంతో ఊపిరి పీల్చే సాధన. సైకాలజిస్టు ఒక ప్రశ్న అడిగింది: "మీకు ఆకలేసి తింటారా, బాధేసి తింటారా?" నాకు జవాబు తెలియలేదు. ఆ రెండూ వేరువేరుగా నాకెప్పుడూ అందలేదు.

ఆపరేషన్ తర్వాత తెలిసింది.

ఆఫీసుకి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో ఒక సాయంత్రం. ముత్తంగి దగ్గర ఔటర్ దిగి ఇంటికి వస్తున్నాను. దారిలో మిర్చి బజ్జీల బండి ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ బండి దగ్గర రోజూ నాతో నాకు యుద్ధం. ఆగకూడదని ఔటర్ మీదే ఒట్టు పెట్టుకోవడం, ఆగడం, తినడం, మిగతా దారంతా నన్ను నేను తిట్టుకోవడం. ఆ రోజు బండిని దాటేశానని ఒక కిలోమీటరు వచ్చాక గుర్తొచ్చింది. యుద్ధం జరగలేదు. శత్రువే రాలేదు.

కడుపు పైభాగంలో ఎక్కువగా తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోన్ ఆకలి కబురును మెదడుకి మోస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని 1999లో కనుక్కున్నారు. స్లీవ్‌లో పోయేది ముఖ్యంగా ఆ భాగమే. ఆకలి తగ్గడానికి కారణం అదొక్కటే కాదుగానీ, పెద్ద కారణం. అంటే ఇరవై ఏళ్లు నా బలహీనత అనుకున్నదాంట్లో చాలా భాగం ఒక స్టీలు ట్రేలో పడి బయటికి వెళ్లిపోయింది.

అలాగని ఇది సులువు దారేం కాదు. ప్రతి ముద్దా మెత్తగా గుజ్జయ్యేదాకా నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. ఒక్క ముద్ద ఎక్కువైతే గుండెల మధ్య రాయి పెట్టినట్టుంటుంది. నాలుగో నెల నుంచి జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చింది. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్, బతికినంతకాలం విటమిన్ మాత్రలు. అజాగ్రత్తగా ఉంటే బరువు తిరిగి రావచ్చు, జాగ్రత్తగా ఉన్నా కొంత రావచ్చు. ఈ కష్టం నాదే. కానీ ఆ బండి దాటేసిన గొప్పతనం మాత్రం నాది కాదు.

మరి ఎవరిది? సంకల్పబలం అంటూ మనం అంతగా మెచ్చుకునేది అసలు ఏమిటి?

1944లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఆరు నెలల పాటు వాళ్లకి సగం కడుపుకే తిండి. వాళ్లంతా మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధానికి వెళ్లనన్న వాళ్లు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. దేశమంతా తుపాకీ పట్టమన్నా పట్టని మనుషులకి సంకల్పం లేదని ఎవరంటారు? కొన్ని నెలల్లోనే వాళ్ల ఆలోచనంతా తిండి అయిపోయింది. వంటల పుస్తకాలు నవలల్లా చదివారు. కొందరు దొంగతనంగా తిన్నారు. ప్రభుత్వానికి లొంగనివాళ్లు ఆకలికి లొంగారు.

ఆకలి రుచి ఎరగదని మనకీ తెలుసు. కానీ ఆ మాట సన్నగా ఉన్నవాడికే వర్తింపజేస్తాం. లావుగా ఉన్నవాడు ఆకలేస్తోందంటే అది కామెడీ సీను. భారతంలో భీముడిని చూడండి. వృకోదరుడు, తోడేలు కడుపువాడు. ఇంట్లోకి వచ్చిన తిండిలో సగం అతనికే పెట్టేది కుంతి. బకాసురుణ్ణి చంపడానికి పనికొచ్చినంత కాలం ఆ కడుపు గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. చివరికి మహాప్రస్థానంలో అతను కూలిపోయి, నేనెందుకు పడ్డానని అడిగితే, ధర్మరాజు చెప్పిన కారణాల్లో బలగర్వంతో పాటు తిండి కూడా ఉంది. ఆకలి అదే. పని అయిపోయాక అది పాపమైంది.

మా ఇల్లు పటాన్‌చెరు దగ్గర. ఇక్కడ 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి మెట్టపంటల మీద పరిశోధన దాని పని. ఆకలి తీర్చడానికి పుట్టిన సంస్థ గోడ పక్క నుంచే, ఆకలి తీసేయించుకోవడానికి నేను ఆసుపత్రికి వెళ్లాను. మా నానమ్మకి జొన్న రొట్టె అంటే పొలం పనికి బలం. నాకు అది చెప్పుకోవడానికి బాగుండే ఒక అబద్ధం.

అక్క పాశమైలారంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేస్తుంది. పెళ్లయిన ఆరు నెలలకి ఫోన్ చేసింది. నైట్ షిఫ్ట్ దిగి కాలనీ చుట్టూ నడిచేదట. రాత్రి డబ్బాలో అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలే పెట్టుకునేదట. మూడు కిలోలు తగ్గి, నాలుగు పెరిగిందట. చివర్లో మామూలుగా అంది: "నీకున్న పట్టుదల నాకు లేదురా."

నేను కాజేసిన మెప్పు ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. అది ఆమె మీద నిందయి పడింది. మెప్పూ నిందా ఒకే లెక్కకి రెండు వైపులు. రొట్టెలతో తగ్గాను అని నేను రాసుకున్న ప్రతిసారీ, రొట్టెలు తిని కూడా తగ్గనివాళ్ల ఖాతాలో ఒక తప్పు చేరుతుంది.

రహస్యం వేరే విషయం. నా కడుపులో ఎంత మిగిలిందో పెళ్లి భోజనాల దగ్గర చెప్పాల్సిన బాధ్యత ఇప్పటికీ నాకు లేదనే అనుకుంటున్నాను. "డాక్టర్ల దగ్గర వైద్యం తీసుకున్న అక్కా" అంటే సరిపోయేది. అప్పుడు ఆమె తన ఒంటిని తిట్టుకోకుండా ఏ డాక్టరు అని అడిగేది. చెప్పకపోవడం నా హక్కు. చెప్పనిదాని స్థానంలో నా పట్టుదలను నిలబెట్టడం హక్కు కాదు.

ఎందుకు నిలబెట్టాను? కోయించుకున్నవా, అంతేనా, అంటారని. తమను తాము జయించి సన్నబడినవాళ్లకే గౌరవమని నేనూ లోపల నమ్ముతున్నాను గనక. ఇరవై ఏళ్లు నన్ను కాల్చిన నమ్మకం అదే. దాని నుంచి బయటపడ్డ మొదటి అవకాశంలోనే దానికి కాపలా కాశాను.

2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. ఇకమీదట మన చుట్టూ చాలామంది సన్నబడతారు. చాలామంది నడక గురించి, చిరుధాన్యాల గురించి చెబుతారు. కొనుక్కోగలిగినవాళ్ల వైద్యం పట్టుదలగా చలామణీ అయితే, కొనలేనివాళ్ల బరువు బద్ధకంగా మిగిలిపోతుంది.

ఒక ఆదివారం ఇస్నాపూర్‌లో అక్క ఇంటికి వెళ్లాను. అప్పటికి నా బరువు 82. జొన్న రొట్టె, కోడికూర పెట్టింది. సగం రొట్టె దగ్గర ఆగిపోయాను. "మంచిగ లేదా?" అంది. అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను, అయిన ఖర్చుతో సహా.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నన్నెందుకు నడిపించినవ్ రా ఆర్నెల్లు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నా కంచంలో మిగిలిన సగం రొట్టె తీసి తన కంచంలో వేసుకుంది. ఇంకొంచెం కూర వేసుకుని తినడం మొదలుపెట్టింది.