గాడికి పట్టే టైము

చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. మధ్య వేలికి 12. ఉంగరపు వేలికైనా, చిటికెన వేలికైనా 7. బొటనవేలికి 30. ఎముక పోకుండా చూపుడు వేలి కొస మాత్రం తెగితే 5.

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం వెనక ఉండే పట్టిక ఇది. పనిలో వేలు పోగొట్టుకున్న మనిషికి సంపాదించే శక్తి ఎంత తగ్గినట్టో చెప్పే లెక్క. 2009లో ఆ చట్టం పేరు మార్చారు, 2020లో దాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. మొదటిసారి చదివినప్పుడు కడుపులో తిప్పినట్టయింది. మాంసం కొట్లో బోర్డులా వేళ్ళకి రేట్లు రాసిపెట్టారేంటి అనిపించింది. తర్వాత ఆ పట్టిక మీద కొంచెం గౌరవం కలిగింది. కనీసం ఎవరో కూర్చుని లెక్కేశారు. సత్తుపల్లిలో మా ఇంటి చెక్కపని చేసిన మేస్త్రికి ఎడమచేతి మధ్య వేలు ఒక కణుపు తక్కువ. ఆ కణుపుని ఏ పట్టికా లెక్కేయలేదు. లెక్క రాయాలంటే యజమాని ఎవరో ముందు తేలాలి కదా. ఇల్లుగలాయన యజమాని కాడు, పని ఒప్పజెప్పినవాడు మాత్రమే. మేస్త్రికి మేస్త్రే యజమాని.

ఆ కణుపు ఎలా పోయిందని అడిగితే ఒక్క మాటలో చెప్పాడు: "గాడి తీస్తుంటే సార్."

గాడి అంటే ఏంటో, మీ ఇంట్లో వార్డ్‌రోబ్ ఉంటే తలుపు తీసి చూడండి. వెనక వైపు పల్చటి ప్లై పలక పక్క చెక్కల్లోకి దిగి కూర్చుని ఉంటుంది. డ్రాయరు అడుగు పలకా అంతే. అది కూర్చునే సన్నటి కాలువే గాడి. ఒకప్పుడు ఉలితో, గాడి చిత్రికతో తీసేవాళ్ళు. అమెరికాలో దీనికి డాడో అని ఒక బ్లేడుల కట్ట దొరుకుతుంది. రెండు వైపులా రెండు రంపపు బ్లేడులు, మధ్యలో చిప్పర్లనే పళ్ళ రేకులు, వెడల్పు సరిగ్గా కుదరడానికి కాగితంలాంటి షిమ్‌లు. అన్నిటినీ టేబుల్ సా ఇరుసుకి ఎక్కించి బిగిస్తే, మామూలు బ్లేడు ఆరుసార్లు వెళ్ళి తీసే 18 మిల్లీమీటర్ల గాడి ఒక్కసారిలో వచ్చేస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలుగా చెక్కని రెండు ముక్కలు చేసేటప్పుడు బ్లేడు పైన గార్డు ఉంటుంది, బ్లేడు వెనక రివింగ్ నైఫ్ అనే ఇనప రేకు నిలబడి ఉంటుంది. కోసిన సందు మూసుకుపోయి బ్లేడుని పట్టేసి, చెక్క మన మీదికి ఎగిరి రాకుండా ఆ రేకు ఆపుతుంది. గాడి తీసేటప్పుడు చెక్క రెండు ముక్కలు అవదు. బ్లేడు చెక్క అడుగునే దాక్కుని తిరుగుతుంది. ఆ నైఫూ గార్డూ ఉంటే చెక్క ముందుకి పోదు, కాబట్టి సాధారణంగా రెండూ తీసేయాల్సిందే. బ్లేడు కళ్ళకి కనిపించదు గనక చెయ్యి ధైర్యం చేస్తుంది. చెక్క మీద అరచెయ్యి ఆనించి తోస్తుంటే కింద ఏమీ లేనట్టే ఉంటుంది. చెక్క అయిపోయిన చోట బ్లేడు బయటికొస్తుంది. పైగా సన్నటి బ్లేడు తగిలితే వేలు తెగుతుంది, కొన్నిసార్లు అతికించొచ్చు. డాడో తగిలితే దాని వెడల్పంత భాగం పొట్టయిపోతుంది. కుట్టడానికి అక్కడ ఏమీ మిగలదు.

సత్తుపల్లిలో డాడో సెట్టు నేను చూడలేదు. టేబుల్ సా కూడా తక్కువే. ఉండేది కట్టర్ మిషన్. టైల్స్, మార్బుల్ కోసే నాలుగంగుళాల మిషన్‌కి చెక్క బ్లేడు వేసి, ప్లై ముక్కకి సందు కోసి, మిషన్‌ని తిరగేసి కింద నుంచి బిగిస్తారు. అదే టేబుల్ సా. స్విచ్ ఆన్‌లో ఉండేలా టేపు చుట్టేస్తారు. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే మిషన్ అది. గాడి కావాలంటే కొందరు బ్లేడు మీద ఇంకో బ్లేడు ఎక్కిస్తారు. ఆ ఇరుసు ఒక్క బ్లేడు కోసం చేసింది, రెండు ఎక్కిస్తే నట్టుకి పట్టు దొరికే మర చాలదు. ఇది మన డాడో. దాని తెలివికి ముచ్చటేస్తుంది, చూస్తే భయమేస్తుంది. ఆ రెండూ ఒకేసారి కలగడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

ఇంకో విచిత్రం. ఇదే ఊళ్ళో రంపానికి చట్టం బాగానే తెలుసు. అడవి అంచున ఉన్న ఊరు. సా మిల్లు పెట్టాలంటే అటవీ శాఖ లైసెన్సు కావాలి. 1969 నుంచే సా మిల్లులకి నియమాలు ఉన్నాయి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత లైసెన్సు లేని మిల్లుల మీద పట్టు ఇంకా బిగిసింది. ఏ దుంగ ఎక్కణ్ణించి వచ్చింది, ఎంత కోశారు, రిజిస్టర్‌లో ఉండాలి. చెట్టు కోసం ఇంత జాగ్రత్త ఉండటం మంచిదే, ఆ అడవి మిగలాలి. అదే ఊళ్ళో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని కూడా ఉంది. అక్కడ గనులకి చట్టం ఉంది, తనిఖీలున్నాయి, హెల్మెట్ లేకుండా లోపలికి పోనివ్వరు. చెట్టుకీ గనికీ మధ్య, సగం కట్టిన ఇంటి హాల్లో ముగ్గురు మనుషులు తిరగేసిన కట్టర్ మీద పని చేస్తుంటారు. ప్రమాదకరమైన యంత్ర భాగాలకి కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. కానీ కరెంటుతో పని నడిచే చోట పదిమంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. కొత్త కోడ్ ఆ పదిని ఇరవై చేసింది.

చట్టం లేని చోట మిగిలేది ఒక్క మాట: జాగ్రత్త. ఇల్లుగలాయన అంటాడు, మేస్త్రి భార్య అంటుంది, మిషన్ అమ్మిన షాపువాడూ అంటాడు. నాకు ఈ మాట మీదే అనుమానం. జాగ్రత్త అనేది మనిషి గుణం అన్నట్టు మాట్లాడతాం. ఫలానావాడు జాగ్రత్తపరుడు, ఫలానావాడు దూకుడు అంటాం. వేలు పోతే ఆ గుణం లోపించినట్టు లెక్క. కానీ గాడి తీసేటప్పుడు జాగ్రత్త అంటే ఏంటో విడదీసి చూస్తే, అందులో గుణం తక్కువ, పనులు ఎక్కువ.

ముందు ప్లగ్ తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు. బ్లేడులు ఎక్కించేటప్పుడు ఒకదాని పళ్ళు ఇంకోదాని పళ్ళకి తగలకూడదు, చిప్పర్ల పళ్ళు బయటి బ్లేడుల పళ్ళ మధ్య ఖాళీల్లో పడాలి. నట్టు ఇరుసు మర మీద పూర్తిగా కూర్చోకపోతే ఒక చిప్పర్ తీసేసి గాడిని రెండుసార్లలో తీసుకోవాలి. బల్ల సందు పలక ఆ వెడల్పుకి కోసింది వేరేది వేయాలి. చేత్తో ఒకసారి తిప్పి చూడాలి. పనికిరాని ముక్క మీద గాడి తీసి, పలక దిగుతుందో లేదో చూసి, దిగకపోతే మళ్ళీ ప్లగ్ తీసి, షిమ్ మార్చి, మళ్ళీ మొదట్నుంచి. లోతు గాడి అయితే కొంచెం కొంచెంగా. చెక్కని ఫెన్స్‌కి ఆనించి తోయాలి, చేత్తో కాదు, తోసే దిమ్మెతో. బ్లేడుకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. మధ్యలో చెక్కని వెనక్కి లాగకూడదు. అయిపోయాక బ్లేడు పూర్తిగా ఆగేదాకా చెక్క ముక్కని ముట్టుకోకూడదు. ఐరోపాలో స్విచ్ ఆపిన పది సెకన్లలో బ్లేడు ఆగాలన్న నియమం ఉంది, అక్కడి టేబుల్ సాల ఇరుసులూ పొట్టివే. డాడో అక్కడ పెద్దగా వాడకపోవడానికి ఇవీ కారణాలే. బరువైన కట్ట త్వరగా ఆగదు మరి.

ఇవన్నీ కలిపితే మొదటి గాడికి అరగంట పడుతుంది. నేను జాగ్రత్త అని పిలుస్తున్నది ఆ అరగంటనే. దాన్ని ఎవరు ఇవ్వాలి?

మన దగ్గర కబోర్డు పని చదరపు అడుగు లెక్క. వెనక గాడి ఉన్నా, పలకని గాడి లేకుండా మేకులతో కొట్టేసినా రేటు మారదు. ఒప్పందంలో ఆ అరగంటకి చోటు లేదు. ఆ అరగంట మేస్త్రి తన జేబులోంచి ఇవ్వాలి, లేదా తన వేళ్ళ మీద పందెం కాయాలి. తొంభైతొమ్మిది సార్లు పందెం గెలుస్తాడు, అందుకే కాస్తాడు. అతణ్ణి తెలివితక్కువవాడు అనలేం. ఏకలవ్యుడి కథలో బొటనవేలు అడిగినవాడు ఎవరో మనకు తెలుసు, ఇన్నేళ్ళుగా ఆయన్ని తిట్టుకోగలుగుతున్నాం. ఇక్కడ ఎవరూ అడగరు. అందరూ "గృహప్రవేశం లోపు అయిపోవాలి" అంటారంతే.

దీనికి యంత్రమే జవాబని ఒకాయన నమ్మాడు. స్టీఫెన్ గ్యాస్, భౌతికశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న పేటెంట్ లాయరు. చర్మం కరెంటుని ప్రసరింపజేస్తుందన్న చిన్న విషయం పట్టుకుని, వేలు తగిలిన ఐదు మిల్లీసెకన్లలో అల్యూమినియం దిమ్మె బ్లేడులోకి దూసుకెళ్ళి ఆపేసేలా 1999లో కనిపెట్టాడు. వేలికి బదులు హాట్‌డాగ్ పెట్టి చూపించేవాడు. పెద్ద కంపెనీలు తీసుకోలేదు, 2004 నుంచి తనే సాస్టాప్ పేరుతో అమ్మాడు. 2010లో బోస్టన్‌లో ఒక ఫ్లోరింగ్ కార్మికుడు, ఇలాంటి రక్షణ పెట్టలేదని రంపం కంపెనీ మీద కేసు వేసి 15 లక్షల డాలర్లు గెలిచాడు. ప్రమాదమప్పుడు అతని రంపానికి గార్డు లేదని కంపెనీ వాదించింది. జ్యూరీ అయినా అతని వైపే తీర్పు చెప్పింది. ఆ తీర్పు చాలామంది వడ్రంగులకే నచ్చలేదు. గార్డు తీసినవాడిదే తప్పు కదా అని. నాకు మాత్రం ఆ జ్యూరీ సరైన ప్రశ్నే వేసుకుందనిపిస్తుంది. మనిషి తొందరపడతాడని ముందే తెలిసినవాడి బాధ్యత ఎంత?

అయితే అక్కడ కూడా డాడో పెడితే మామూలు బ్రేకు పనికిరాదు, దానికని వేరే వెడల్పాటి బ్రేకు కొని, మామూలుది తీసి అది పెట్టాలి. అది ఒకసారి పేలితే బ్రేకూ పోతుంది, బ్లేడూ పాడవుతుంది. అంటే అక్కడా మళ్ళీ డబ్బూ, టైమే. సత్తుపల్లి మేస్త్రికి ఆ రంపం అందుతుందని నేను అనుకోను. అందేదాకా ఆగమని అతని వేళ్ళకి చెప్పలేను.

అందుకే నాకు తోచిన పరిష్కారం అడిగాను. గాడుల పని వరకు చదరపు అడుగు లెక్క వద్దు, రోజుకూలీ ఇస్తాను, నిదానంగా చెయ్యండి అన్నాను. చాలా న్యాయమైన మాట అన్నాననే ధీమాతో ఉన్నా. మేస్త్రి నవ్వాడు.

"రోజుకూలీ అంటే మీరు కుర్చీ ఏసుకుని కూచుంటారు సార్. టీకి పోతే టైము చూత్తారు. అడుగు లెక్కైతే నా పని నాది."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. చదరపు అడుగు లెక్కలో అతను తొందరకి బానిస అని నేననుకుంటున్నాను. అతనికి అదే లెక్క స్వతంత్రం. ఎవడి కింద పనిచేయకుండా ఉండటానికి ఒక కణుపు ఇచ్చిన మనిషికి, కుర్చీ వేసుకుని కూర్చునే నా మంచితనం ఏమంత రుచిస్తుంది? గార్డు ఎందుకు పెట్టవని అడిగినప్పుడూ అతని మొహంలో ఇదే చూశాను. పని రానివాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావేంటని. అతని పట్ల గౌరవం ఉంటే నేను నోరు మూసుకోవాలా? అలా అనుకోవడం నాకు మరీ తేలిక. రెండు రూపాయలు తక్కువకి పని చేయించుకునే ప్రతి ఇల్లుగలాయనా ఆ గౌరవం దగ్గరే ఆగిపోతాడు. పైగా మేస్త్రితో పాటు ఒక పదిహేడేళ్ళ కుర్రాడు పనిచేస్తున్నాడు. మేస్త్రి వేళ్ళు మేస్త్రివి. ఆ కుర్రాడి వేళ్ళ మీద పందెం కాసే హక్కు మేస్త్రికీ లేదు, నాకూ లేదు.

చివరికి బేరం ఇలా తేలింది. అడుగు లెక్క అలాగే ఉంటుంది. గాడికి మాత్రం రన్నింగ్ ఫీట్ చొప్పున విడిగా ఇస్తాను. రెండు బ్లేడులు ఎక్కించొద్దు, ఒక్క బ్లేడుతోనే రెండుసార్లు తీయాలి, స్విచ్‌కి టేపు చుట్టొద్దు, కుర్రాడు మిషన్ దగ్గరికి రాకూడదు. మేస్త్రి ఒప్పుకున్నాడు, రేటు మీద కాసేపు లాగాడు కూడా. అతను లాగడం నాకు సంతోషమేసింది, గాడికి ధర ఉందని ఇద్దరం ఒప్పుకున్నట్టే కదా. మొత్తం నలభై అడుగులకి పైన గాడి వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి టేపు లేదు. కుర్రాడు దూరంగా కూర్చుని పలకలకి ఇసుక కాగితం పడుతున్నాడు. మిషన్ పక్కన గోడకి ఆనించి, పనికిరాని ముక్కతో కోసిన తోసే దిమ్మె ఒకటి ఉంది. అంచున రెండు చోట్ల బ్లేడు గాట్లు పడున్నాయి దానికి.