పెరటి పండు ఎవరిది?

ఒక శ్రీవైష్ణవ గృహస్థుని పెరటిలో జామచెట్టు తొలికాపునకు వచ్చినదనుకొందము. పిందె కనబడిన నాటినుండి అతడు ఆ కొమ్మను కనిపెట్టియుండెను. తొలిపండు పెరుమాళ్ళకని యింటిల్లిపాదికిని చెప్పి, పిల్లలను చెట్టు దరికి రానీయకుండెను. ద్వాదశినాడు తిరువారాధనకు కోయవలెనని స్నానముచేసి వెళ్ళి చూడగా, పండులో సగము ఉడుత తినిపోయినది. అతనికి పట్టరాని కోపము వచ్చి చేతికందిన రాయి విసరెను. స్వామి సొత్తు ఎంగిలియైనదని ఆ దినమంతయు గొణుగుచునే యుండెను.

ఈ కోపము స్వామికొరకు వచ్చినదా, తనకొరకు వచ్చినదా? ప్రశ్న చిన్నదిగా తోచును. కాని పెరటితోట పెంచు ప్రతి భక్తునకును ఏదో యొకనాడు ఇది యెదురగును. దీనికొక పరీక్ష కలదు. ప్రక్కయింటివారును తమ చెట్టు పండును స్వామికే యుంచుకొనిరి; దానిని ఉడుత కొరికినది. అప్పుడు మనకింత కోపము వచ్చునా? అయ్యో యని యూరకుందుము. స్వామి యొక్కడే, నివేదన యొక్కటే, పండును జామపండే. మారినది చెట్టు యజమాని మాత్రమే.

ఇట్లనుటచే పెరటితోట దోషమని భావింపరాదు. నగరములలో మేడలపై కుండీలలోనైనను వంగ, బెండ, తోటకూర, బచ్చలి పెంచుకొనువారు ఇప్పుడు పెక్కురు కలరు. అది మెచ్చదగిన పని. బియ్యము కడిగిన నీరు పాదునకు పోయుట, పొట్లకాయ వంకరపోకుండ దాని కొసకు చిన్నరాయి కట్టుట, చిక్కుడుతీగకు పేను పట్టినపుడు తెల్లవారుజామున బూడిద చల్లుట - ఇట్టి పనులలో ఒక యింటి వారందరును చేయి కలుపుదురు. అంతకు మించిన ప్రయోజనము మరియొకటి కలదు. భగవద్రామానుజులు శ్రీభాష్యారంభమున భక్తిసాధనములను ఏడింటిని పేర్కొనుచు, మొదటిదిగా వివేకమును చెప్పిరి. వివేకమనగా ఆహారశుద్ధి. ఆహారమునకు దోషము మూడు విధముల వచ్చును. ఉల్లి, వెల్లుల్లి మొదలగువానికి జాతిచేతనే దోషము. వస్తువు మంచిదైనను అది యెవరి సొత్తో వారినిబట్టి వచ్చునది ఆశ్రయదోషము. వెండ్రుక పడుటచేతను, ఎంగిలి యగుటచేతను వచ్చునది నిమిత్తదోషము. అంగడిలో కొన్న కూర యెవరి చేతులు దాటి వచ్చినదో యెరుగము. పెరటి కూర విషయమున ఆ సందేహము లేదు గావున ఆశ్రయదోషము తొలగినదని సంతోషింతుము.

నిజముగా తొలగినదా? ఆశ్రయము మారినదేగాని లేకపోలేదు. ఇప్పుడా కూరకు ఆశ్రయము తోట పెంచినవాడే. అతని మనస్సు "నేను పెంచితిని, ఇది నాది" యను భావముతో నిండియున్నచో, పరుల సొత్తు నుండి వచ్చునను భయముతో మనము విడిచిన దోషము మన పెరటిలోనే మొలచినదన్నమాట. మన యజమానత్వము మనకు శుద్ధముగా తోచుట సహజము. ఎవరి చెమట వాసన వారికి తెలియదు గదా!

"నేను పెంచితిని" అనుమాట యెంతవరకు నిజమో బీరపాదునే అడుగవచ్చును. విత్తు నాటినవాడు, పందిరి వేసినవాడు, నీరు పోసినవాడు గృహస్థుడే. కాని బీరపూవు సందెవేళ విచ్చును. మగపూలు గుత్తులుగా వచ్చును. ఆడుపూవు ఒంటిగా, తన క్రింద సన్నని పిందెతో వచ్చును. ఒకదాని పుప్పొడి రెండవదానిపై పడనిచో ఆ పిందె పసుపువన్నెకు తిరిగి రాలిపోవును. తేనెటీగ వంటి చిన్నప్రాణి యేదియో వచ్చి ఆ పని నెరవేర్చుచున్నది. ఆ వేళ గృహస్థుడు అరుగుమీద కూర్చుండి విసనకఱ్ఱతో విసరుకొనుచుండును. గీత పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కర్మకును ఐదు కారణములు చెప్పబడినవి. రామానుజుల భాష్యము ప్రకారము శరీరము, జీవుడు, ఇంద్రియములు, ప్రాణవాయువులు, వీనితో కూడ పరమాత్మ. జీవుడు ఐదింటిలో ఒకడు మాత్రమే.

ఆ భాష్యముననే త్యాగము మూడు తెరగులని వివరింపబడినది: ఫలమును విడుచుట, కర్మ నాదను మమతను విడుచుట, నేనే కర్తనను బుద్ధిని విడుచుట. పెరటి గృహస్థుడు మొదటిదానిని సులభముగనే చేసినాడు. పండు స్వామిదని సంకల్పించెను. తక్కిన రెండును చేయలేదు. అందుచేతనే రాయి విసరెను.

ఇందులో అతనిని మిక్కిలి నిందింప పనిలేదు. రామానుజుల యాజ్ఞచే పుష్పకైంకర్యమునకై తిరుమలకు వెళ్ళిన అనంతాళ్వారులంతటివారి చరిత్రయందును ఇట్టి ఘట్టమొకటి కలదు. తోటకు నీటికై ఆయన చెరువు త్రవ్వుచుండగా, నిండుచూలాలైన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తట్ట అందుకొనెను. ఈ కైంకర్యములో ఇతరులకు పాలులేదని ఆళ్వారు వారించిరి. బాలుడు చాటున మరల ఆమెకు సాయపడెను. ఆళ్వారు కోపించి చేతనున్న గునపము విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. తరువాత సన్నిధిలో స్వామి గడ్డమునుండి రక్తము కారుట కనబడెను. నాడు గాయమునకద్దిన పచ్చకర్పూరము నేటికిని స్వామి చుబుకమున నిత్యము అలంకరింపబడుచున్నది. ఆ గునపము మహాద్వారమున యాత్రికులందరికిని కనబడుచునే యున్నది. దానిని చూచి చేతులు జోడించువారు చాలమంది. ఆ కైంకర్యము "నాది" యను ఒక్క మాటయే ఆ గునపమును విసరినదని తలచువారు కొలదిమంది.

తోటపనిలో ప్రాణిహింస సంగతియు కలదు. నాగలి యినుపమొన భూమిని, భూమిలోని ప్రాణులను గాయపరచునని మనుస్మృతియే చెప్పినది. పెరటి పారకును అది వర్తించును. గృహస్థునకు పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ యను ఐదు హింసాస్థానములు తప్పవనియు, వానికి పంచమహాయజ్ఞములు ప్రాయశ్చిత్తమనియు స్మృతులు విధించినవి. పారను ఆరవదానిగా చేర్చుకొనవచ్చును. పూర్తిగా తప్పించుకొనుట సాధ్యము కాదు, తగ్గించుకొనుట సాధ్యము. అనంతాళ్వారులే ఒకప్పుడు కొండదిగి ప్రయాణమైనపుడు ప్రసాదపు మూటలో చీమలుండుట చూచి, వానిని మరల తిరుమలకు చేర్పించిరని గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. ఆ కొండపై పక్షిగానో చెట్టుగానో పుట్టవలెనని కులశేఖరాళ్వారు కోరిరి గదా. ఆ చీమలు అట్టి కోరికతో పుట్టిన భక్తులేమో యని ఆయన శంక. గునపము విసరిన చేతులే చీమల మూటను కొండకు పంపినవి.

ఇక ఉడుత కొరికిన పండు మాట. అది నిమిత్తదోషము కలది గనుక నివేదనకు పనికిరాదు. శబరి రుచిచూచి యిచ్చిన పండ్లను రాముడారగింపలేదా యని కొందరడుగుదురు. రుచిచూచిన మాట వాల్మీకమున లేదు. పంపాతీరమున దొరకిన వన్యఫలములను సేకరించి యుంచితినని మాత్రమే ఆమె చెప్పినది. కావున మిగిలిన సగమును ఉడుతకే వదలి, మరియొక పండు కోయవలెను. లేదా, రెండు తులసిదళములు చాలును. మరుసటి కాపునకు పిందెకు గుడ్డ చుట్టుటయు, వల కట్టుటయు తప్పు కాదు. రాయి మాత్రము పనికిరాదు.

తిరుమలలో వార్షిక బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు బాగ్‌సవారి యను ఉత్సవము జరుగును. పూర్వము దివ్యదంపతులు రాత్రివేళ మారువేషమున వచ్చి అనంతాళ్వారుల తోటలో పూలు కోయుచుండగా, దొంగలనుకొని ఆయన వెంటపడిరట. అమ్మవారు చిక్కగా సంపెంగచెట్టునకు కట్టివేసిరి. స్వామి అప్రదక్షిణముగా పరుగెత్తి మాయమయ్యెను. తెల్లవారి సంగతి తెలిసికొని ఆళ్వారు వణికిపోయి, అమ్మవారిని పూలబుట్టలో కూర్చుండబెట్టుకొని ఆలయమునకు మోసికొనిపోయిరి. ఇప్పటికిని ఆనాడు మలయప్పస్వామి ఉభయదేవేరులతో అప్రదక్షిణముగనే బయలుదేరి, ఆ తోటకు వేంచేసి పూజలందుకొని తిరిగివచ్చును.