జానీ అని రాసిన కాగితం

డ్యూక్ ఎల్లింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్‌లకు నివాళిగా జరిగే జాజ్ కచేరీల్లో నా చూపు ముందుగా ఆల్టో శాక్సోఫోన్ పట్టుకున్న మనిషి మీదికే పోతుంది. అది ఎల్లింగ్టన్ దగ్గర ఆల్టో ఊదిన జానీ హాడ్జెస్ చోటు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఆయన జారే తీరు వింటే మన గాయకుల జారు గమకం గుర్తొస్తుంది. ఎల్లింగ్టన్ బృందంలో స్వరాలు రాసిన కాగితాల మీద వాద్యం పేరుకు బదులు మనిషి పేరే ఉండేది చాలాసార్లు. ఎల్లింగ్టన్, స్ట్రేహార్న్ ఇద్దరూ రాసింది జానీ ఊపిరిని మనసులో పెట్టుకుని. ఆయన 1970లో పోయాడు. ఇప్పుడా కాగితం ముందు కూర్చున్నవాళ్లు ఏం చెయ్యాలి?

అచ్చం జానీలాగే ఊదినప్పుడు చప్పట్లు బాగానే పడతాయి. నాకు మాత్రం దుఃఖం రెట్టింపవుతుంది, మనిషి లేడని మరీ తెలిసిపోయి.

జవాబు నాకు ఎల్లింగ్టన్, స్ట్రేహార్న్‌ల తొలి పరిచయంలోనే కనిపిస్తుంది. 1938 డిసెంబరులో, పిట్స్‌బర్గ్‌లో, 23 ఏళ్ల స్ట్రేహార్న్ ఎల్లింగ్టన్‌ను మొదటిసారి కలిశాడు. ఆయన పాటనే పియానో మీద ముందు ఆయన వాయించినట్టు వాయించి, ఆ వెంటనే తానైతే ఎలా వాయిస్తాడో వినిపించాడని చెబుతారు. ఎంత ధైర్యం, ఎంత మర్యాద! ఆ రెండో వాయింపు లేకపోతే దాదాపు ముప్ఫై ఏళ్ల ఆ జంటే లేదనిపిస్తుంది నాకు.

1967 మే 31న స్ట్రేహార్న్ క్యాన్సర్‌తో చనిపోయాడు, 51 ఏళ్లకే. ఆస్పత్రి నుంచి పంపిన ఆఖరి రచన 'బ్లడ్ కౌంట్'. ఆ ఆగస్టులో ఎల్లింగ్టన్ తన నేస్తం కోసం నివాళి ఆల్బమ్ మొదలుపెట్టినప్పుడు దాన్ని వాయించింది హాడ్జెసే. మెత్తగా మొదలవుతుంది. పోనుపోను ఆ తియ్యటి జారుడులోనే కోపం పుడుతుంది, ఒక్కచోట అరుపు దాకా వెళ్తుంది. తనకోసమే రాసిన స్వరాల్లో అంత కోపం ఉందని హాడ్జెస్‌కైనా ముందే తెలుసా?

అందుకే ఇవాళ ఆ పాట ఎత్తుకునేవాళ్లు హాడ్జెస్ జారుడును అప్పు తెచ్చుకోనక్కర్లేదు. వాళ్ల దుఃఖం వాళ్లకుంటుంది కదా, దాంతోనే ఊదాలి. ఇంకొక్కటి అడుగుతాను. 'టేక్ ది ఎ ట్రెయిన్' ఎల్లింగ్టన్‌దే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో. అది మొదలుపెట్టే ముందు, రాసింది స్ట్రేహార్న్ అని వేదిక మీద గట్టిగా చెప్పండి.