బొంతకు ఏ కుట్టు?



శివ్వంపేట అక్కలారా, పాత చీరల ముక్కలు అతికి బొంతకు పైబట్ట తయారు చేసుకున్నరు. ఇగ దాని మీద ఏ కుట్టు వెయ్యాలె? ధర్మచక్రం కుడదామని కొందరు అంటున్నరు. నాకైతే మనసొప్పదు. బొంత మీద కాళ్లు చాపుతం, పిల్లలు తడుపుతరు. చక్రం జెండా మీద ఉండనియ్యండి.

వినయ పిటకం మహావగ్గలో ఒక ముచ్చట ఉంది. రాజగృహం నుంచి దక్షిణగిరికి పోతూ బుద్ధుడు మగధ పొలాలు చూసిండు. పొడుగు గట్లు, అడ్డం గట్లు, నడుమ మళ్లు. చీవరం ఇట్ల చెయ్యగలవా అని ఆనందుణ్ణి అడిగిండు. ఆనందుడు బట్ట కోసి, మళ్ల తీరుగ కుట్టి చూపించిండు. కోసిన బట్టకు దొంగలు కూడా ఆశపడరు! ఇయ్యాల్టికీ భిక్షువుల చీవరం మీద ఆ గట్లే.

మీరూ మడి కుట్టే వెయ్యండి. మళ్లల్ల కాలు పెట్టకుండ నాటు వేసినమా ఎన్నడన్న?

బొంతను చూసి సిగ్గుపడేటోళ్లు మనలో ఇంకా ఉన్నరు. చండాలురు శవాల బట్టలే కట్టాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. భిక్షువులు శ్మశానంల పడేసిన గుడ్డలు తామే ఏరి, ఉతికి, కుట్టి కట్టుకున్నరు. గుడ్డ అదే. మొదటిది శిక్ష, రెండోది ఎంపిక. మీ బొంతను కొత్త దుప్పటి కింద దాచకండి.

కుట్టు వరుసల మధ్య నాలుగు వేళ్ల ఎడం చాలు. ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి బట్ట ఉండ కడుతది. నడిమి నుంచి అంచుకు కుట్టుకుంట రండి, ముడతలు బయటికి పోతయి.