తుడిచివేయుట యనగా నేమి?



నేను మునుపు సేవచేసిన యొక సంఘములో కంప్యూటరు పాతదయినందున దానిని పట్టణమందలి యొక యౌవనస్థునికి అమ్మితిమి. అమ్మకముందు బాప్తిస్మపు పట్టీలు, వివాహపు పట్టీలు వేరొకచోట నకలు దింపుకొని, ఉన్న ఫైళ్లన్నియు తీసివేసి, చెత్తబుట్టను కూడ ఖాళీ చేసితిని. తెరమీద ఏమియు కనబడలేదు. కనబడలేదు గనుక లేదనుకొంటిని.

రెండు నెలలకు ఆ కుఱ్ఱవాడు బస్సెక్కి మా యింటికి వచ్చెను. తాను పొరపాటున పోగొట్టుకొనిన ఫోటోలను వెదకి తీయుటకు ఒక ప్రోగ్రాము నడుపగా, వాటితోకూడ మా సంఘపు కాగితములును బయటపడెనట. ఒక సహోదరి తన కాపురపు కష్టమును నాతో చెప్పుకొనగా నేను వ్రాసియుంచినది వాటిలో నుండెను. "రెండు వరుసలు చదివి మూసివేసితినండి, అయ్యగారూ" అని అతడు తలవంచుకొనెను. అతడు మన విశ్వాసమువాడు కాడు. నేను మిగుల సిగ్గుపడితిని.

మీలో అనేకులు పిల్లల చదువులకు కొన్న కంప్యూటర్లను, పాత సెల్‌ఫోనులను అమ్ముచున్నారు గనుక సంగతి వివరించెదను. పుస్తకమునకు ముందర విషయసూచిక యుండును గదా. ఫైలును తీసివేసినప్పుడు యంత్రము సూచికలోని పేరును మాత్రము కొట్టివేయును. లోపలి వ్రాత, దానిమీద మరియొకటి వ్రాయబడువరకు అట్లే యుండవచ్చును. త్వరగా చేయు ఫార్మాటు సంగతియు నంతే. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులిద్దరు వాడిన డిస్కులు 158 కొని పరీక్షించి, 2003లో ఫలితము ప్రకటించిరి. పనిచేసిన 129లో పూర్తిగా శుభ్రపరచబడినవి 12 మాత్రమే.

గిరగిర తిరుగు పాత డిస్కయితే మొదటినుండి తుదివరకు ఒకసారి సున్నలు వ్రాయించిన సాధారణముగా చాలును. ఎస్.ఎస్.డి. అయితే మనము పైన వ్రాసినది ప్రతి మూలకు చేరదు. దానిలోనే అమర్చబడిన తుడుపు ఆజ్ఞను వాడవలెను. ఇటీవలి సెల్‌ఫోనులలో సమాచారము రహస్యలిపిలో నుండును. ఫ్యాక్టరీ రీసెట్టు ఆ లిపికి తాళపుచెవివంటి దానిని నాశనము చేయును. చెడిపోయిన డిస్కును అమ్ముటకంటె పగులగొట్టుట మేలు. తెలియనివారు తెలిసినవారిని అడుగుడి; అడుగుట అవమానము కాదు.

ఇక అసలు ప్రశ్న. "ఎవరికిని నష్టము రాలేదు గదా, ఇది పాపమెట్లగును?" అని నా మనస్సు వాదించెను. నష్టము రాకపోవుటకు కారణము ఆ యౌవనస్థుని మంచితనమేగాని నా జాగ్రత్త కాదు. పొరుగువాడు దాచుమని యిచ్చిన సొత్తు పోయినయెడల, దాచినవాడు దేవుని యెదుట లెక్క చెప్పుకొనవలసిన సంగతి నిర్గమకాండము 22వ అధ్యాయములో నున్నది. వెండికే అట్లయినప్పుడు, కన్నీటితో అప్పగించిన మాటకు ఎంత లెక్క యుండును!

ఆమెతో చెప్పవలెనా? చెప్పిన ఊరకే బాధ. చెప్పకున్న ఎవరికి తెలియును? రెండు రాత్రులు ఇట్లు ఆలోచించితిని. అయితే దాచియుంచుట మరల సూచికను మాత్రమే కొట్టివేయుట యగును. నా భార్యతో కలిసి వెళ్లి చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అందులో మా పిల్లవాని పేరున్నదా, అయ్యగారూ?" అని యడిగెను. "ఉన్నదమ్మా" అంటిని. నేను ఆ ఊరు విడుచువరకు ఆమె నాతో మునుపటివలె మాటలాడలేదు. అది ఆమె తప్పు కాదు. దెబ్బతిన్నవారిని మరచిపొమ్మని తొందరపెట్టుట మన పని కాదు, దెబ్బకొట్టినవాడు ఒప్పుకొనవలెను. ఇతరులకు మేలగునని, ఈ సంగతి వ్రాయుటకు ఆమె తరువాత సెలవిచ్చినది.

దేవుడు మన పాపములను సముద్రపు లోతులలో పడవేయునని మీకా ప్రవక్త చెప్పెను. మనమీద నున్న వ్రాతనే తుడిచి సిలువకు కొట్టెనని పౌలు కొలస్సయులకు వ్రాసెను. మనమో, పంచాయతీనాడు చేతులు కలిపి, మరుసటి తగవునాడు పదేండ్లనాటి మాటను తేదీతో సహా బయటికి తీయుదుము. క్షమించితిమనుచు పేరు మాత్రము కొట్టివేసి, వ్రాతను లోపల భద్రపరచుకొందుము.

ప్రియులారా, మీయొద్ద ఇతరుల రహస్యమేదైనను ఉన్నయెడల దానిని సొత్తువలె కాపాడుడి; మీ చేతినుండి వస్తువును విడుచునప్పుడు పూర్తిగా తుడిచి విడువుడి. తప్పిపోయినయెడల వెళ్లి చెప్పుడి. పూర్తిగా తుడిచివేయు దేవుడు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.