రందితో కాదు, నమ్మకంతో

మన తండాల్లో, గూడేల్లో దిగులును ‘రంది’ అంటాం. "రంది పెట్టుకోకు బిడ్డా" అనే మాట వినిపించని ఇల్లు మన దగ్గర లేదు. అయితే ఆ మాట చెప్పిన అవ్వ చేతులు కట్టుకొని కూర్చోదు. గంప ఎత్తుకొని చేనుకు పోతుంది. రంది వద్దన్నది కానీ పని వద్దని ఆమె అనలేదు. ఈ తేడా అర్థమైతే నమ్మకం అంటే ఏమిటో సగం అర్థమైనట్టే.

మన బతుకులో రందికి కారణాలు తక్కువ లేవు. జనగామ మెట్ట భూముల్లో మొగులు చూసి విత్తనం వేస్తాం. మహబూబాబాద్‌లో అప్పు తెచ్చి మిర్చి పెడతాం. తోట చేతికొస్తుందో రాదో, వచ్చినా వరంగల్ మార్కెట్‌లో ఏ ధర పలుకుతుందో తెలియదు. 2021–22లో తామర పురుగు పూతను పీల్చేస్తే ఎన్నో తోటలు ఎండిపోయాయి. భూపాలపల్లి అడవి పల్లెల్లో పోడు భూమికి పట్టా వస్తుందా అన్నది ఏళ్ల నాటి ప్రశ్న. చదువుకున్న పిల్లలకు ఇంకో రంది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ జీవో మీద ఆశతో డీఎడ్ చదివిన వాళ్ల ముందు దారి ఒక్కరోజులో మారిపోయింది.

ఇలాంటప్పుడు "దేవుడి మీద భారం వేయండి, అంతా మంచే జరుగుతుంది" అని చెప్పడం తేలిక. కానీ అది నిజమేనా? మన పిల్లలు అడిగే ప్రశ్న ఇదే. దీన్ని మనం దాటేయకూడదు.

2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో గాలి బీభత్సానికి వేల చెట్లు కూలాయి. ఆ గాలి ఊళ్ల మీదికి రాలేదు. తల్లులే కాపాడారని మనవాళ్లు దండం పెట్టుకున్నారు. అలా మొక్కడంలో తప్పేమీ లేదు. కానీ అంతకు ఏడాది ముందు, 2023 జూలై 27న, అదే ములుగు జిల్లాలో జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది. ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. కొండాయి అంటే గోవిందరాజు గుడి ఉన్న ఊరు, జాతరకు దేవుడు బయలుదేరే ఊరు. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. బతికిన ఊరిని తల్లి కాపాడితే, మునిగిన ఊరిని వదిలేసిందా? పోయిన వాళ్లకు నమ్మకం తక్కువైందా? అలా అనడానికి మనకు నోరు రాదు, రాకూడదు కూడా. నమ్మిన వాళ్లకు కష్టం రాదని చెబితే, కష్టం వచ్చిన వాళ్లను అవమానించినట్టే.

దీనికి జవాబు మన తల్లుల కథలోనే ఉంది. కరువు వచ్చి కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మేడారం మీదికి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ పోరులో పగిడిద్దరాజు ఒరిగాడు. సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు ఒరిగారు. జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు. గాయాలతో సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచిపోయింది. తర్వాత అక్కడ దొరికింది కుంకుమ భరిణె ఒక్కటే. లోకం లెక్కలో వాళ్లు ఓడిపోయారు. అయినా రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును తీసుకొని మనవాళ్లు అడవి దారిన కాలినడకన మేడారం వెళ్తూనే ఉన్నారు. లక్షల మంది మొక్కేది గెలిచిన రాజుకు కాదు, అన్యాయానికి తలవంచని తల్లికి.

కాబట్టి మన నమ్మకానికి "నాకు నష్టం రాదు" అని అర్థం కాదు. "నష్టం వచ్చినా నేను చేయాల్సింది విడిచిపెట్టను, నావాళ్లు నన్ను విడిచిపెట్టరు" అని అర్థం. మొదటిది బేరం. అనుకున్నది జరగకపోతే అది తెగిపోతుంది. రెండోది బంధం. అది తెగదు.

రందికీ ముందుచూపుకూ తేడా చూడాలంటే లంబాడీల తీజ్ పండుగ చూడండి. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. మొలక వచ్చిందా లేదా అని మట్టి తవ్వి చూస్తే మొలకే చస్తుంది. రంది చేసే పని అది. నీళ్లు పోయకుండా "తల్లే చూసుకుంటుంది" అంటే బుట్ట ఎండిపోతుంది. అది సోమరితనం. వేళకు నీళ్లు పోసి, మిగతాది మట్టికి వదలడమే నమ్మకం.

పోడు పట్టా విషయం కూడా అంతే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఉంది. దరఖాస్తు గ్రామసభ ముందుకు రావాలి. కనీసం రెండు ఆధారాలు జత చేయాలి. ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా ఒక ఆధారమే. రాత్రంతా నిద్ర లేకుండా దొర్లితే పట్టా రాదు. తాత దగ్గర కూర్చొని ఆయన చెప్పింది రాయించి, గ్రామసభలో నలుగురితో కలిసి నిలబడితే దారి దొరకవచ్చు. దొరక్కపోయినా మళ్లీ అడిగే బలం మిగులుతుంది. చదువుకున్న యువత ఊరికి చేయగల మొదటి సాయం ఇదే.

రంది ఒంటరి మనిషిని తింటుంది. అప్పులో మునిగిన రైతు, పరీక్ష తప్పిన పిల్ల, హాస్టల్ మూలలో ముడుచుకున్న పిల్లవాడు నోరు విప్పకపోతే ఆ రంది ప్రాణం మీదికి తెస్తుంది. మన పూర్వీకులు నమ్మకాన్ని ఒక్కడి గుండెలో దాచలేదు. విత్తనాల పండుగైనా, జాతరైనా ఊరంతా కలిసి చేశారు. భయాన్ని పంచుకుంటే తగ్గుతుందని వాళ్లకు తెలుసు.

ఉపాధ్యాయ మిత్రులారా, మన ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు "ఏమీ కాదు" అని అబద్ధపు ధైర్యం చెప్పవద్దు. "ఏమైనా కావచ్చు, కానీ నీ వెంట మేమున్నాం" అని చెబుదాం. జ్వరం వస్తే మొక్కు మొక్కుదాం, ముందు ఆసుపత్రికి తీసుకుపోదాం. వాగు పొంగుతోందని హెచ్చరిక వస్తే తల్లిని తలుచుకుందాం, తలుచుకుంటూనే గట్టుకు చేరుదాం.

యువతీ యువకులారా, రేపు ఏమవుతుందో మీకు తెలియదు, మాకూ తెలియదు. తొలకరికి ముందు విత్తనం చేత పట్టుకున్న మన తాతకూ తెలియలేదు. అయినా ఆయన విత్తాడు. ఆయన విత్తాడు కాబట్టే మనం ఉన్నాం.