కుర్చీ ఖాళీ అయితే చాలా?

తిష్టవేసిన మగనాయకులు కుర్చీ దిగితే మనకి చోటు దొరుకుతుందని నేనూ నమ్మాను. కాలిఫోర్నియా అనుభవం ఆ నమ్మకాన్ని కదిలించింది. 1990లో అక్కడి ఓటర్లు రాష్ట్ర శాసనసభ్యుల పదవికి జీవితకాల పరిమితి పెట్టారు: దిగువసభలో 6 ఏళ్లు, ఎగువసభలో 8. కొత్తవాళ్లకి దారి తెరుచుకుంది. అదే నియమం, ఎన్నో అడ్డంకులు దాటి సభకొచ్చిన స్త్రీలనీ పని పట్టుబడే వేళకి బయటికి పంపింది. సభ్యులు మారుతుంటే, లోగుట్టు తెలిసిన అధికారులూ లాబీయిస్టులూ నిలిచిపోయారు. 2012లో ఓటర్లే ఆ పరిమితిని రెండు సభలకీ కలిపి 12 ఏళ్లకి మార్చారు. అన్నేళ్లూ ఒకే సభలో ఉండొచ్చు.

దశాబ్దాలుగా ఏలినవాడికీ, నిన్న గడప దాటినామెకీ ఒకే గడువు పెట్టడం సమానత్వమేనా? పరిమితి వద్దనను. కానీ ఎన్నికల ఖర్చుకి డబ్బు, పార్టీ అండ, ఇంటిచాకిరీ పంచుకునే తోడు స్త్రీకి దొరక్కపోతే, ఖాళీ అయిన కుర్చీ మళ్లీ పాతదారిలోనే నిండుతుంది.